జాయాపతుల ధనవిభాగము: స్త్రీధనము నుండి విడాకుల చట్టము వరకు

దంపతులు విడిపోవునపుడు ధనవిషయమున మూడు ప్రశ్నలు పుట్టును. ఎవరు తెచ్చినది ఎవరికి చెందును? ఇరువురును కలిసి యుండిన కాలమున కూడిన సొత్తు ఎవరిది? అట్లే ఆ కాలమున చేసిన అప్పు ఎవరు తీర్పవలయును? ఈ మూడు ప్రశ్నలలో మొదటిదానికి మన ధర్మశాస్త్రములు విపులమైన సమాధానమిచ్చినవి. మూడవదానిని సూక్ష్మముగా విచారించినవి. రెండవదాని విషయమున మాత్రము ఒక గొప్ప సూత్రమును చెప్పి, దాని ఫలితమును తేల్పక అచ్చటనే ఆగిపోయినవి. శాస్త్రకారులు ఎచ్చట ఆగిరో 1955 నాటి హిందూ వివాహ చట్టమును అచ్చటనే ఆగెనని చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. ముస్లిముల, క్రైస్తవుల వివాహన్యాయములకు వేరు చరిత్ర కలదు గాన వానిని ఇందు స్పృశింపలేదు.

1. శబ్దవిచారము

విషయమును శాస్త్రములనుండి కాక తెలుగు మాటలనుండి ఆరంభించుట ఉచితము. ‘విడాకులు’ అను మాటలో ‘విడు’, ‘ఆకు’ అను రెండును స్పష్టముగా కానవచ్చుచున్నవి. వివాహసందర్భమున చేతులు మారు ధనమునకు తెలుగున పేర్లు అనేకములు. వరుని పక్షమువారు కన్య తరపువారికి ఇచ్చునది ఓలి, ఉంకువ. కన్యతో పుట్టినింటివారు పంపునది అరణము. ఆడపడుచునకు ఇచ్చిన భూమి పసుపుకుంకుమ. అత్తవారింటికి పోవునపుడు వెంట వచ్చునది సారె. వరునకు ఇచ్చునది కట్నము. వేరుగా బ్రతుకు భార్యకు భర్త ఇయ్యవలసినది మనోవర్తి. ఈ మాటలన్నియు కేవలము మర్యాదకు సంబంధించినవి కావు. ఇందు పసుపుకుంకుమ, మనోవర్తి అనునవి న్యాయస్థానములలోను, దస్తావేజులలోను స్థిరపడిన పారిభాషికపదములు.

ఇన్ని మాటలలో ఒక లోటు కలదు. ఆలుమగలు ఇరువురును కష్టించి కూడబెట్టిన సొత్తునకు తెలుగు వాడుకలో స్థిరపడిన ప్రత్యేకనామము కానరాదు. ‘ఉమ్మడి’ అన్నచో అన్నదమ్ముల యాస్తియే స్ఫురించును. ‘సంసారము’ అన్నచో భార్యయు, కాపురమును స్ఫురించును గాని సొత్తు స్ఫురింపదు. ఇచ్చినదానికి, పుచ్చుకొన్నదానికి, పోషణకు పేర్లు కలవు. కలిసి ఆర్జించినదానికి లేదు. మాట లేకపోవుట భావము లేకపోవుటకు సర్వత్ర ప్రమాణము కాదు. అయినను ఇచ్చట ఆ లోటు యాదృచ్ఛికము కాదని ముందు తేలగలదు.

2. ఆపస్తంబుని సూత్రము

ఆంధ్రదేశమున బ్రాహ్మణులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులు. ఆ ఆపస్తంబుని ధర్మసూత్రముననే మన ప్రశ్నకు సంబంధించిన ప్రధానవాక్యము కలదు. జాయాపతులకు విభాగము లేదని ఆయన శాసించెను. అందులకు హేతువులను కూడ చెప్పెను. పాణిగ్రహణము మొదలుకొని కర్మలయందు వారికి సహత్వము కలదు. పుణ్యఫలములయందును అట్లే. ద్రవ్యపరిగ్రహమునందును అట్లే. భర్త ఊర లేనపుడు అవసరమును బట్టి భార్య ఇచ్చిన దానమును దొంగతనమని ఎవరును అనరని కూడ ఆయన దృష్టాంతము చూపెను.

ఈ సూత్రము రెండంచుల కత్తి. ద్రవ్యార్జనమున భార్యకు సహత్వము కలదను అంశమును గ్రహించినచో, ఇంటిసొత్తు ఇరువురిదనియు, ఆమె వ్యయము చేయుట స్వాధికారమే యనియు సిద్ధించును. విభాగము లేదను అంశమును గ్రహించినచో, ఆ సొత్తులో తన పాలు తనకు వేరు చేయుమని ఆమె అడుగజాలదని సిద్ధించును. కలిసి యున్నంతకాలము మొదటి అంచు ఆమెను రక్షించును. విడిపోయిన నాడు రెండవ అంచు ఆమెనే కోయును. విడిపోవుటయే లేదని భావించిన ఋషికి ఈ చిక్కు తోచకపోవుట సహజము. విడిపోవుటను అంగీకరించిన శాస్త్రమేమి చేసినదో చూడవలసి యున్నది.

3. కౌటిల్యుడు చెప్పిన మోక్షము

1905లో ఆర్. శామశాస్త్రిగారికి అర్థశాస్త్రపు తాళపత్రప్రతి లభించి, 1909లో ఆ గ్రంథము ముద్రితమగువరకు, ప్రాచీనభారతమున విడాకుల ధనవిచారము ఇంత స్పష్టముగా ఉండెనని పండితలోకమునకు తెలియదు. ధర్మస్థీయమను మూడవ అధికరణమున కౌటిల్యుడు స్త్రీధనమును వృత్తి, ఆబధ్యము అని రెండుగా విభజించెను. వృత్తి జీవనాధారమగు ధనము. దాని పరిమితి రెండువేల పణములు. ఆబధ్యము ఒడలిపై ధరించు ఆభరణములు. దానికి పరిమితి లేదు. దొంగలు, వ్యాధి, దుర్భిక్షము, భయము సంభవించినపుడును, ధర్మకార్యమునకును భర్త స్త్రీధనమును వాడుకొనవచ్చును. గాంధర్వాసురవివాహములలో వాడుకొన్నచో వడ్డితో మరల ఈయవలయును. రాక్షసపైశాచములలో అది చౌర్యమే.

దంపతులు ఒకరినొకరు విడుచుటకు ఆయన పెట్టిన పేరు మోక్షము. భర్తకు ఇష్టము లేనిచో ద్వేషించు భార్యకు మోక్షము లేదు. భార్యకు ఇష్టము లేనిచో భర్తకును లేదు. పరస్పరద్వేషము కలిగినచో మోక్షము కలదు. ధర్మవివాహములకు మోక్షమే లేదు. ఇక ధనవిషయము: భార్య చేసిన అపరాధమును బట్టి భర్త మోక్షము కోరినచో, ఆమెనుండి తాను పుచ్చుకొన్నదంతయు ఆమెకు మరల ఈయవలయును. భర్త చేసిన అపరాధమును బట్టి భార్య మోక్షము కోరినచో, అతడు పుచ్చుకొన్నది మరల ఈయనక్కరలేదు.

ఈ నియమము మొదటిచూపునకు విపరీతముగా తోచును. తప్పు చేసినవానికి నష్టము లేదు. తప్పునకు గురియైనవారికే నష్టము. కాని ఇందు ఒక లెక్క కలదు. కౌటిల్యుడు దోషమునకు వెల కట్టలేదు. బంధమును తెంపుమని అడిగినవారి తలపై ఆ తెంపుట వలన కలుగు నష్టమును మోపెను. మరియొక విషయము గమనింపదగినది. మరల ఇచ్చుటకు గాని ఈయకుండుటకు గాని పాత్రమైనది పుచ్చుకొన్న ధనమే. కాపురమున కూడిన ధనము ఆ లెక్కలోనికి రానేలేదు. విడాకులను అంగీకరించిన శాస్త్రము కూడ మన రెండవ ప్రశ్నను అడుగలేదు.

4. యాజ్ఞవల్క్యుడు, విజ్ఞానేశ్వరుడు, కేతన

స్త్రీధనమును మనువు ఆరు విధములుగా లెక్కించెను: అగ్నిసన్నిధిని ఇచ్చినది, అత్తవారింటికి పోవునపుడు ఇచ్చినది, ప్రీతితో ఇచ్చినది, తల్లి, తండ్రి, సోదరుడు ఇచ్చినవి. కాత్యాయనుడు సౌదాయికమను పేర బంధువులు ప్రీతితో ఇచ్చినదానిపై స్త్రీకి పూర్ణస్వాతంత్ర్యము చెప్పెను. భర్తగాని, కొడుకుగాని, తండ్రిగాని, సోదరులుగాని దానిని గ్రహించుటకు ప్రభువులు కారనెను. బలాత్కారముగా అనుభవించినవాడు వడ్డితో తిరిగి ఈయవలయుననెను. రెండవ భార్యను చేసికొని మొదటిదానిని ఆదరింపనివానిచేత ఆమె ధనమును బలవంతముగనైనను ఇప్పింపవలయుననెను.

యాజ్ఞవల్క్యస్మృతిలో ఇంతకంటె ముఖ్యమగు రెండు నియమములు కలవు. భార్య యుండగా మరల పెండ్లియాడువాడు మొదటి భార్యకు, ఆమెకు స్త్రీధనము ఈయబడి యుండనిచో, ఆ రెండవ పెండ్లికి వ్యయము చేసినంత ధనము ఈయవలయును. స్త్రీధనము ఈయబడి యున్నచో అందు సగము. దీనికి ఆధివేదనికమని పేరు. రెండవ నియమము ఆచారాధ్యాయమున వివాహప్రకరణమున కలదు. ఆజ్ఞను పాటించునదియు, పనియందు నేర్పు కలదియు, పుత్రవతియు, ప్రియముగా పలుకునదియు అగు భార్యను విడిచినవానిచేత అతని ధనమున మూడవపాలు ఆమెకు ఇప్పింపవలయును. ధనము లేనివాడు ఆమెను పోషింపవలయును.

ఈ మూడవపాలు స్త్రీధనము కాదు. అది పుట్టింటివారు ఇచ్చినది కాదు, పెండ్లిలో వచ్చినది కాదు. అది భర్త ధనమునుండి తీసిన భాగము. ‘ఇప్పింపవలయును’ అనుటచే రాజదండము దాని వెనుక నిలిచినదని తెలియుచున్నది. ఆ భాగమునకు అర్హత చెప్పుచు స్మృతికారుడు భార్య దక్షతను పేర్కొనెను. ఇల్లు నడపిన నేర్పునకు ధనరూపమగు గుర్తింపు లభించిన స్థలములలో ఇది ఒకటి. షరతులు పురుషుని దృష్టినుండి పెట్టినవే యనుటలో సందేహము లేదు. విధేయురాలు కానిదానికి, కొడుకులు లేనిదానికి ఈ రక్షణ లేదు. అయినను సూత్రమన్నది సూత్రమే. విడుచుటకు భర్త తన సొత్తులో పాలు చెల్లింపవలయునను భావము మనకు క్రొత్తది కాదు.

ఈ స్మృతికి 11వ శతాబ్ది చివరను, 12వ శతాబ్ది ఆరంభమునను కల్యాణపురమున చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర రచించెను. ఆయన ‘ఆద్య’శబ్దమును ఆధారముగా చేసికొని స్త్రీధనపరిధిని మిక్కిలి విస్తరింపజేసెను. దాయముగా వచ్చినది, కొన్నది, విభాగమున వచ్చినది, దొరకినది సయితము స్త్రీధనమే యనెను. కాని ఆపస్తంబసూత్రమును వ్యాఖ్యానించుచు, జాయాపతులకు విభాగము లేదన్నది కర్మలయందే గాని ద్రవ్యమునందు కాదనియు, భర్త ఇచ్ఛను బట్టి భార్యకు భాగము కలుగుననియు నిర్ణయించెను. విభాగము సాధ్యమే. అయితే అది భర్త ఇచ్ఛపై నాధారపడినది. భార్య అడుగు హక్కు ఇచ్చటను ఏర్పడలేదు.

13వ శతాబ్దిలో తిక్కన సమకాలికుడగు కేతన ఈ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేర పద్యరూపమున తెలిగించెను. దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చి, ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును రచించిన కవియే ధర్మశాస్త్రమును తెలుగు చేయుట అర్థవంతము. వ్యవహారము తెలిసికొనగోరు తెలుగువారు ఆ కాలమున కలరనుటకు ఈ కృతి నిదర్శనము. తరువాతి కాలమున దక్షిణదేశమున మితాక్షరకు తోడుగా దేవణ్ణభట్టు స్మృతిచంద్రికయు, ప్రతాపరుద్ర గజపతి పేర వెలసిన సరస్వతీవిలాసమును ప్రమాణములైనవి.

5. ఋణవిచారము

ఆస్తి విషయమున అస్పష్టముగా నున్న దాంపత్యసహత్వము అప్పు విషయమున మిక్కిలి స్పష్టముగా కానవచ్చును. ఋణాదానప్రకరణమున యాజ్ఞవల్క్యుడు చెప్పిన సామాన్యనియమమిది: భర్తయో కొడుకో చేసిన అప్పు స్త్రీ తీర్పనక్కరలేదు. భార్య చేసిన అప్పు భర్త తీర్పనక్కరలేదు. కుటుంబమునకై చేసిన అప్పు మాత్రము ఇందులకు అపవాదము. స్త్రీ తీర్పవలసినవి మూడే: తాను ఒప్పుకొన్నది, భర్తతో కలిసి చేసినది, తాను స్వయముగా చేసినది. అంతకుమించి వేరు ఋణము ఆమెను అంటదు.

దీనికి చేర్చిన మరియొక నియమము విశేషదృష్టికి అర్హమైనది. గోపాలకుడు, కల్లు సారాయముల నమ్మువాడు, నటుడు, చాకలి, వేటకాడు అనువారి భార్యలు చేసిన అప్పును వారి భర్తలు తీర్పవలయును. ఏలయన, వారి జీవనము భార్యలపై ఆధారపడి యున్నది. ఇచ్చట స్మృతికారుడు కులమును గాక బ్రతుకుతెరువును చూచెను. పాలు అమ్మునది, బట్టలుతుకునది, అంగడి నడపునది ఆ స్త్రీయే. ఆమె అప్పు చేయుట ఇంటి వృత్తికొరకే. ఆమెకు అప్పిచ్చినవాడు ఆమె పనిని నమ్మి ఇచ్చెను. కావున ఆ అప్పు ఇంటిది.

ఇంతవరకు వచ్చిన తర్కము ఒక అడుగు ముందునకు పోయినచో, ఆమె పనిచే వచ్చిన సొత్తును ఇంటిదే, అందు ఆమెకును పాలు కలదు అనవలసి వచ్చును. ఆ అడుగు పడలేదు. కాత్యాయనుడు శిల్పముచే స్త్రీ ఆర్జించినదానిపై భర్తకే స్వామ్యమనెను. ఋణదాత వచ్చి వాకిట నిలిచిననాడు భార్య శ్రమ శాస్త్రమునకు కనబడినది. సొత్తు పంచు నాడు కనబడలేదు. మన ధర్మశాస్త్రచరిత్రలో ఈ వ్యత్యాసము నాకు ప్రధానముగా తోచుచున్నది.

6. తెలుగునాట ఆచారము

స్మృతులు ఒక ప్రక్క నుండగా, పల్లెలలో పెక్కు కులములయందు విడాకులును, మారుమనువును ఆచారసిద్ధములై యుండెను. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున తెలుగు కులములను గూర్చిన భాగములలో ఈ ఆచారములు పెక్కు నమోదైనవి. తగవు కులపెద్దల యెదుట తీరెడిది. ఓలి ఇచ్చి పెండ్లి చేసికొను కులములలో ధనవిచారమంతయు ఆ ఓలి చుట్టును తిరిగెడిది. భార్య విడిచి పోయినచో ఓలియు, పెండ్లి ఖర్చులును భర్తకు చేరవలయును. ఆమెను మారుమనువు చేసికొన్నవాడు వానిని చెల్లించుటయు కలదు.

ఈ తగవులు శీఘ్రముగను, స్వల్పవ్యయముతోను తీరెడివనుట నిజము. ఆడది మరల సంసారము చేసికొను అవకాశము శిష్టకులములలో కంటె ఇచ్చట ఎక్కువ. కాని లెక్క వేసిన తీరు కౌటిల్యునిదే: ఇచ్చినది, పుచ్చుకొన్నది. ఆమె ఆ ఇంట పదియేండ్లు నాట్లు వేసి, కలుపు తీసి, పశువులను మేపినందులకు పెద్దల లెక్కలో అంకె లేదు.

ఓలి స్థానమున కట్నము వాడుకయైన కులములలో స్త్రీ పక్షమున నిలిచినది పసుపుకుంకుమ భూమి. ఉమ్మడి కుటుంబపు ఆస్తినుండి తండ్రి కూతునకు తగుమాత్రపు భూమిని ఈయవచ్చునా యను ప్రశ్న న్యాయస్థానముల కెక్కినది. 1911లో మద్రాసు హైకోర్టు ఒక తెలుగు కుటుంబపు వ్యాజ్యమున, సుమారు 200 ఎకరముల ఆస్తిలో 8 ఎకరములు కూతునకు ఇచ్చిన దానము చెల్లునని తీర్పు చెప్పినది. వివాహమైన పిదప ఇచ్చుటచే ఆ దానము చెడదనియు తేల్చినది. కాపురము చెడిన స్త్రీకి పెక్కుచోట్ల నిలిచిన ఆధారము ఆ పసుపుకుంకుమ నేలయే.

7. ఆంగ్లేయుల న్యాయస్థానములు

ఆంగ్లేయుల కాలమున మితాక్షర గ్రంథస్థమగు చట్టముగా మారినది. మారుటలో కుంచించుకొనినది. విజ్ఞానేశ్వరుడు దాయముగా వచ్చినదానిని స్త్రీధనమున చేర్చెను గదా. ప్రీవీ కౌన్సిలు 1867లో, భర్తనుండి వితంతువునకు సంక్రమించినది స్త్రీధనము కాదనెను. 1903లో, స్త్రీనుండి స్త్రీకి సంక్రమించినదియు అంతే యనెను. స్త్రీ అనుభవింపవచ్చును గాని, ఆమె పిదప అది పూర్వస్వామి వారసులకు మరలిపోవును. యాజ్ఞవల్క్యుని మూడవపాలు మాత్రము ఆచారాధ్యాయమున ఉండిపోయినది. ఆధునికన్యాయము మనోవర్తిని మాత్రము గ్రహించి, భాగమును విడిచెను. అనగా స్మృతిలో ధనము లేనివానికి చెప్పిన విధి ధనవంతునికిని చాలునన్నట్లయ్యెను.

20వ శతాబ్దిలో శాసనములు ఒకటొకటిగా వచ్చినవి. 1937 నాటి చట్టము వితంతువునకు భర్త ఆస్తిలో పరిమితమగు హక్కు నిచ్చినది. 1946 నాటి చట్టము కొన్ని కారణములపై వేరుగా నివసించుచు మనోవర్తి పొందు హక్కు నిచ్చినది. హిందువులకు విడాకులు బరోడా సంస్థానమున 1931లోను, బొంబాయి రాష్ట్రమున 1947లోను, మద్రాసున 1949లోను శాసనరూపమున ఏర్పడినవి. మద్రాసు చట్టము నాటి ఆంధ్రజిల్లాలకును వర్తించినది. తెలంగాణము అపుడు హైదరాబాదు రాష్ట్రమున నుండెను గాన దానికి వర్తింపలేదు.

8. 1955 నాటి చట్టము

బి.ఎన్. రావుగారి అధ్యక్షతను 1941లో ఆరంభమైన హిందూ స్మృతిసంస్కరణ ప్రయత్నము, అంబేద్కరుగారు న్యాయశాఖామంత్రిగా నున్న కాలమున హిందూ కోడు బిల్లుగా శాసనసభకు వచ్చి, నిలిచిపోయినది. ఆయన 1951లో మంత్రిపదవికి రాజీనామా చేయుటకు అది ముఖ్యకారణములలో ఒకటి. తరువాత బిల్లు ముక్కలై వేర్వేరు చట్టములుగా వెలువడినది. అందు హిందూ వివాహ చట్టము 1955 మే 18న అమలునకు వచ్చినది. హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17న వచ్చినది. ఆచారసిద్ధమగు విడాకులను 1955 చట్టపు 29వ సెక్షను కాపాడినది. పరస్పరాంగీకారముతో విడిపోవుట 1976 సవరణచే చేరినది. కౌటిల్యుని పరస్పరద్వేషమోక్షమును తలపించు ఈ మార్గమునకు శాసనమున చోటు దొరకుటకు 21 సంవత్సరములు పట్టినది.

ధనవిషయమున ఈ చట్టమున చెప్పినదేమి? 24వ సెక్షను వ్యాజ్యకాలపు ఖర్చులను, 25వ సెక్షను శాశ్వతమనోవర్తిని చెప్పుచున్నవి. ఈ రెండును భార్యాభర్తలలో ఎవరైనను కోరవచ్చును. 27వ సెక్షను వివాహసమయమున గాని, దానికి సమీపకాలమున గాని బహూకరింపబడి, ఇరువురికిని ఉమ్మడిగా చెందదగిన సొత్తును గూర్చి న్యాయస్థానము తగిన ఏర్పాటు చేయవచ్చునని చెప్పుచున్నది. ఆస్తివిభాగమని చెప్పదగినది ఇంతయే. ఇదియు బహుమానములను గూర్చియే. 1997లో సుప్రీంకోర్టు ఈ సెక్షనును కొంత విశాలముగా అన్వయించి, వివాహమునకు ముందు వెనుకల ఇచ్చినదైనను వివాహసంబంధమైనచో ఇందు చేరుననెను. అయినను అది ఇచ్చిన సొత్తే. ఆర్జించిన సొత్తు కాదు. అప్పుల మాట ఆ సెక్షనున లేనేలేదు.

రాజమహేంద్రవరమున జన్మించి, రాజ్యాంగసభలో సభ్యురాలై యుండిన దుర్గాబాయమ్మగారు 1953లో చీనాదేశమును దర్శించి వచ్చి, కుటుంబవ్యాజ్యములకు ప్రత్యేక న్యాయస్థానములు కావలెనని పట్టుబట్టిరి. ఆ కోరిక 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టముతో నెరవేరినది. దంపతుల ఆస్తి వ్యాజ్యములను విచారించు అధికారము ఆ న్యాయస్థానములకు కలిగినది. విచారించుటకు చోటు ఏర్పడినది గాని, పంచుటకు కొలత ఏర్పడలేదు. దస్తావేజున ఎవరి పేరున్నదో ఆ ఆస్తి వారిదను సామాన్యన్యాయమే ఇచ్చటను నడచుచున్నది.

9. తరువాతి తీర్పులు, సవరణలు

స్త్రీధనము విషయమున మాత్రము న్యాయస్థానములు గట్టిగా నిలిచినవి. 1956 చట్టపు 14వ సెక్షను స్త్రీ పరిమితస్వామ్యమును పూర్ణస్వామ్యముగా మార్చెను. ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన ఒక వితంతువు వ్యాజ్యమున 1977లో సుప్రీంకోర్టు, మనోవర్తికై ఇచ్చిన భూమి ఆమెకు పూర్ణముగా చెందునని నిర్ణయించెను. మనోవర్తి దయాదానము కాదు, ముందే యున్న హక్కు అనునది ఆ తీర్పునకు మూలము. 1985లో అదే న్యాయస్థానము, అత్తవారింట అడుగిడినంత మాత్రమున స్త్రీధనము ఉమ్మడిసొత్తు కాదనియు, దానిని తిరిగి ఈయని భర్త నేరస్థుడగుననియు చెప్పెను. ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశమున ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము వారసత్వ చట్టమును సవరించి, అప్పటికి వివాహము కాని కూతుండ్రకు కొడుకులతో సమముగా ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు కల్పించెను. 2005 సవరణచే ఆ హక్కు దేశమంతటను కూతుండ్రందరకు కలిగెను.

2024 ఆగస్టులో తెలంగాణమునుండి వెళ్లిన వ్యాజ్యమొకటి ఈ ధోరణికి నిదర్శనము. కూతురు అమెరికాలో విడాకులు పొంది, ఆస్తివిషయములను ఒడంబడికతో తేల్చుకొనినది. పిదప ఆమె తండ్రి, పెండ్లినాడు ఇచ్చిన బంగారమును పూర్వపు అత్తమామలు తిరిగి ఈయవలెనని వ్యాజ్యమాడెను. స్త్రీధనము కేవలము ఆమెదే, ఆమె అధికారమీయనిచో తండ్రికైనను దానిని కోరు హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చెను. తండ్రి కూడ ప్రభువు కాడన్న కాత్యాయనవచనము ఇచ్చట మరల వినబడినట్లయ్యెను.

ఇక ఆర్జించిన సొత్తు మాట. దేశమున ఒక భాగమున మాత్రము వేరు న్యాయము కలదు. గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిలు కోడు 1961 పిదపను కొనసాగినది. వేరు ఒడంబడిక లేనిచో వివాహముతోనే దంపతుల సొత్తు సమష్టియగును. చెరి సగమునకు ఇరువురును స్వాములు. తక్కిన దేశమున, కోలుకొనలేని రీతిగా చెడిన వివాహములను రద్దు చేయుచు భర్త ఆస్తిలో భార్యకు భాగము నిచ్చు సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినది. లోక్‌సభ ఆమోదము పొందకయే 2014లో ఆ సభ రద్దగుటతో అది చెల్లిపోయినది. 2020లో సుప్రీంకోర్టు మనోవర్తి వ్యాజ్యములలో ఇరువురును తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున వెల్లడింపవలెనని ఆదేశించెను. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక ఆస్తివ్యాజ్యమున, విదేశమున ఆర్జించిన భర్త సొమ్ముతో కొన్న ఆస్తిలో ఇల్లు నడపిన భార్య శ్రమయు కలదని గుర్తించి, ఆమెకు సగము భాగము నిచ్చెను. ఆపస్తంబుడు చెప్పిన ద్రవ్యపరిగ్రహసహత్వమునకు విభాగరూపమగు ఫలము దక్కిన తీర్పులలో ఇది ముఖ్యము.

10. ఉపసంహారము

ఇంతవరకు చూచినదానిని సంగ్రహింతము. మన న్యాయము స్త్రీకి ఇచ్చినదానిని వేలయేండ్లుగా కాపాడుచున్నది. ఆమె గడించినదానిని లెక్కింపలేదు. కాని లెక్కించుటకు వలసిన సామగ్రి శాస్త్రముననే కలదు. ఆర్జనమున సహత్వము ఆపస్తంబుడు చెప్పెను. విడుచువాడు పాలు చెల్లింపవలయునని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. భార్య పనిపై నడచు ఇంట ఆమె అప్పు ఇంటి అప్పే యని ఆయనయే చెప్పెను.

నేటి గృహస్థుల స్థితి ఈ వ్యత్యాసమును మరింత స్పష్టము చేయుచున్నది. ఆలుమగలు ఇరువురును సంతకము చేసి బ్యాంకునుండి అప్పు తెచ్చి ఇల్లు కట్టుదురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 43వ సెక్షనును బట్టి, ఋణదాత ఇరువురిలో ఎవరినుండియైనను మొత్తమును వసూలు చేయవచ్చును. విడాకుల డిక్రీ బ్యాంకును బంధింపదు. భర్తతో కలిసి చేసిన అప్పు స్త్రీ తీర్పవలయునన్న యాజ్ఞవల్క్యనియమము అట్లే నిలిచి యున్నది. ఆ ఇల్లు భర్త పేరనే యున్నచో, అప్పులో ఆమె సమభాగిని, ఇంటిలో ఆమె కేవలము మనోవర్తికి అర్హురాలు.

అప్పునకు ఇరువురును బాధ్యులైనపుడు సొత్తునకును ఇరువురును స్వాములు కావలయుననుట క్రొత్త వాదము కాదు. అది స్మృతికారులు సగము చెప్పి విడిచిన వాక్యము. దానిని పూర్తి చేయు భారము శాసనకర్తలది. ఆ శాసనము వచ్చిననాడు, ఆలుమగలు కలిసి కూడబెట్టిన సొత్తునకు తెలుగున ఒక పేరు కావలసి వచ్చును. ఆ పేరును వెదకుట మనవంటి భాషాశాఖలవారి పని.